ఇల్లు కాలక ముందే బావి తవ్వుకుందాం

పోయిన సంక్రాంతి సెలవుల్లో, భోగి నాడు జరిగిన సంగతి ఇది. మా క్వార్టర్స్‌లో ఒక్కో అంతస్తుకు నాలుగిళ్లు. నాలుగిళ్లలోనూ నాలుగు భాషలు. ఆ ఉదయం మేము కింద వాకిట్లో ముగ్గులు వేస్తున్నాం. రెండో అంతస్తులోంచి ఒక్కసారిగా కేక వినిపించింది. రెండో తరగతి చదివే పిల్లవాడు, దించి పెట్టిన గంజి గిన్నె అంచు పట్టుకుని లాగాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా వేడి గంజి ఒలికింది.

మేము పరుగెత్తి వెళ్లేసరికి ఇల్లంతా పెద్దవాళ్లే. ఒక ఆంటీ టూత్‌పేస్టు తెచ్చి రాశారు. ఇంకొకరు నెయ్యి మంచిదన్నారు. ఎదురింటి తాతగారు, ఇంకు పోస్తే బొబ్బలెక్కదన్నారు. ఇంకెవరో ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీశారు. ఎవరి ఊరి వైద్యం వాళ్లు తెచ్చారు. అందరిదీ ప్రేమే, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. పది నిమిషాలు గడిచాక పై అంతస్తులో ఉండే అక్క మెట్లు దిగి వచ్చింది. ఆమె నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. వస్తూనే ఒక్క మాట అంది: "ముందు చెయ్యి కుళాయి కింద పెట్టండి ఆంటీ, తర్వాత మాట్లాడుకుందాం." పేస్టు కడిగేసింది. మణికట్టుకున్న కడియం, దారం తీసేసింది. మమ్మల్ని గడియారం చూడమని చెప్పి 20 నిమిషాల పాటు నీళ్లు పారనిచ్చింది. ఆ తర్వాత ఉతికిన పల్చటి గుడ్డ వదులుగా కప్పి, వాళ్ల అమ్మానాన్నలతో ఆసుపత్రికి పంపించింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మేము ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. మేము పదకొండో తరగతిలో జీవశాస్త్రం తీసుకున్నవాళ్లం. అంతకు కొన్ని వారాల ముందే కణం మీద పరీక్ష రాశాం. ముగ్గురికీ మంచి మార్కులే వచ్చాయి. కణత్వచం బొమ్మ గీసి, పేర్లు పెట్టి, మైటోకాండ్రియాను కణానికి శక్తి కేంద్రం అని ఎందుకు అంటారో అర పేజీ రాశాం. అంత చదువూ తలలో ఉండి, "చెయ్యి నీళ్ల కింద పెట్టండి" అనే ఒక్క మాట మా నోట్లోంచి రాలేదు. పిల్లవాడి చెయ్యి మానింది. మోచేతి దగ్గర ఒక మచ్చ మాత్రం ఉండిపోయింది. వాడు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా మా చూపు ఆ మచ్చ మీదికే పోతుంది.

ఆ రోజు నుంచి మేము ఆలోచించుకున్నదే ఇక్కడ రాస్తున్నాం. మా అభిప్రాయం సూటిగా ఇది: కణం పాఠమూ ప్రథమ చికిత్సా రెండు వేరు వేరు చదువులు కావు. ఆ రెండింటినీ బడిలో కలిపి నేర్పాలి, చేతులతో చేయించాలి, ఏటా ఒకసారి మళ్లీ చేయించాలి. మనలాగా ఊళ్లు మారే పిల్లలకైతే ఇది మరీ అవసరం.

ముందుగా ఆ కాలిన చేతినే తీసుకుందాం. తొమ్మిదో తరగతిలో రియో ఆకు ప్రయోగం మనలో చాలామంది చేసి ఉంటారు. ఆకు పొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి గాఢమైన చక్కెర ద్రావణం వేస్తే కణంలోని నీరు బయటికి పోయి లోపలి పదార్థం ముడుచుకుంటుంది. అదే ఆకును ముందుగా మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, తర్వాత ద్రావణం వేస్తే ఏ మార్పూ ఉండదు. ఎందుకు? వేడికి కణాలు చచ్చిపోయాయి. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో చూసుకునే పొర పాడైపోయింది. గంజి పడ్డ చేతిలో జరిగేదీ అలాంటిదే. పై వరుస కణాలు అప్పటికే పోయి ఉంటాయి. కానీ స్టవ్ మీద నుంచి దించిన ఇనప పెనం చాలాసేపు వేడిగా ఉన్నట్టే, చర్మంలోకి దిగిన వేడి కూడా వెంటనే పోదు. ఇంకా బతికి ఉన్న కింది వరుసల కణాలను అది వేధిస్తూనే ఉంటుంది. పారే చల్లటి నీళ్లు ఆ వేడిని లాగేస్తాయి. పేస్టూ నెయ్యీ ఆ వేడిని లోపలే ఉంచి మూత పెడతాయి. ఐసు పెడితే రక్తనాళాలు బిగుసుకుపోయి, కష్టంలో ఉన్న కణాలకు రక్తం అందదు. అందుకే మామూలు కుళాయి నీళ్లు, అదీ 20 నిమిషాలు. కాలిన వెంటనే పెట్టలేకపోయినా మూడు గంటల లోపు పెడితే మేలు ఉంటుందని అక్క చెప్పింది. ఇదంతా తొమ్మిదో తరగతి పాఠంలోనే ఉంది. "మరి మీ వంటింట్లో ఇలా జరిగితే?" అని అడిగే ఒక్క వాక్యం మాత్రం లేదు.

రెండో ఉదాహరణ మన తెలుగువాడి పేరుతోనే మొదలవుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి జీవశాస్త్రం చదివే తెలుగు పిల్లలందరూ తెలుసుకోవాలని మా కోరిక. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో హార్వర్డుకు వెళ్లారు. అక్కడ పొట్ట గడవడం కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని అది. నర్సింగ్ చదివేవాళ్లు మొదట్లో నేర్చుకునే పనుల్లో అదీ ఒకటి. అలాంటి పని చేస్తూనే సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లోని ఫాస్ఫరస్ పదార్థాల మీద పరిశోధన చేశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వాళ్ల పనిలో బయటపడ్డాయి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. మన పాఠంలో "కణంలో చెల్లే శక్తి నాణెం" అని చదువుకునేది ఈ ఏటీపీ గురించే.

ఈ నాణెం విషయంలో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. కణం దాన్ని దాచుకోలేదు. ఏ క్షణంలో చూసినా మన ఒంట్లో ఉండే ఏటీపీ కొన్ని పదుల గ్రాములే. అదే ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ రోజంతా తిరుగుతుంది. అలా తయారైనదంతా కూడితే రోజుకు పదుల కిలోలవుతుంది. ఆ తయారీకి ఆక్సిజన్ కావాలి. మెదడు మన బరువులో సుమారు 2 శాతమే. ఒళ్లంతా వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం మాత్రం దానికే పోతుంది. గుండె ఆగిందంటే మెదడు కణాలకు రోజు కూలితో బతికే ఇంట్లో కూలి ఆగినట్టే. నాలుగైదు నిమిషాలు దాటితే ఆ కణాలు చనిపోవడం మొదలవుతుంది. చనిపోయిన మెదడు కణం చర్మం లాగా మళ్లీ పుట్టుకు రాదు. ఛాతీ నొక్కడం ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ మనిషి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఆంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా నాలుగు నిమిషాల్లో ఇంటి ముందు ఆగడం కష్టం. కాబట్టి ఆ నాలుగు నిమిషాలూ పక్కన ఉన్నవాళ్లవే.

సీపీఆర్ అంటే ఏమిటో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. ఆగిన గుండె చేయాల్సిన పనిని బయటి నుంచి మన చేతులతో చేయడం. మనిషి పడిపోయి, భుజం తట్టి పిలిచినా పలక్కపోతే, ఊపిరి తీసుకోకపోతే, లేదా చేప నోరు తెరిచినట్టు అప్పుడప్పుడు ఎగశ్వాస మాత్రమే తీస్తుంటే, ఒకరు 112కో 108కో ఫోను చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో అరచేతి మడమ పెట్టి, రెండో చెయ్యి దాని మీద వేసి నొక్కాలి. పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్ల లోతు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఎందుకంటే గుండెలోకి మళ్లీ రక్తం నిండేది అప్పుడే. ఇది చదివితే వచ్చేది కాదు, ఈత లాంటిది. మేము అక్క దగ్గర గట్టి దిండు మీద చేసి చూశాం. రెండు నిమిషాలు పూర్తయ్యేసరికి మా భుజాలు పడిపోయాయి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలని ఎందుకంటారో అప్పుడు తెలిసింది.

మూడోది మనకందరికీ తెలిసిందే, ఓఆర్‌ఎస్. పొట్లం చింపి నీళ్లలో కలుపుతాం. అందులో ఉప్పు ఎందుకో, చక్కెర ఎందుకో అడిగితే "నీరసం పోవడానికి" అంటాం. అసలు కారణం పేగు కణం పొర మీద ఉంది. ఆ పొర మీద ఒక ప్రోటీను ఉంటుంది. అది సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకెళ్తుంది, ఒంటరిగా వస్తే తలుపు తీయదు. ఆ జంట వెనకే నీరూ లోపలికి వస్తుంది. విరేచనాలతో పేగు ఎంత దెబ్బతిన్నా ఈ తలుపు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ జంట సంగతి చెప్పారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు చాలలేదు. అప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పోయించి రోగులకు తాగించారు. ఎక్కించడానికి నర్సు లేకపోయినా పక్కన కూర్చున్న తల్లో అన్నో తాగించగలిగారు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. కణం పొర గురించి తెలిసిన ఒక సంగతి శరణార్థి శిబిరంలో ప్రథమ చికిత్స అయింది. రెండూ వేరు కావని మేము అంటున్నది ఇందుకే. కొలత ఎందుకు తప్పకూడదో కూడా ఇక్కడే తెలుస్తుంది. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసు నీళ్లలో కలిపితే, రియో ఆకు మీద గాఢమైన చక్కెర ద్రావణం వేసినట్టే అవుతుంది. లోపలి నీరు బయటికి వస్తుంది. మేలు చేయాల్సింది కీడు చేస్తుంది. ఇంట్లో పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, అంచుకు సమంగా.

పాము కాటు సంగతి కూడా ఇంతే. నాగుపాము, కట్లపాము విషం నరం నుంచి కండరానికి కబురు అందనివ్వదు. అందుకే రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆడదు. రక్తపింజర విషం కణాల పొరలను కొరికేస్తుంది, రక్తం గడ్డకట్టే పద్ధతినే చెడగొడుతుంది. తాడుతో బిగించి కడితే ఆ విషమంతా ఒక్క చోటే నిలిచి, రక్తం అందక కాలే పోతుంది. కోసి పీల్చడం సినిమాల్లో బాగుంటుందంతే. చేయాల్సింది కదలకుండా పడుకోబెట్టడం, విరిగిన ఎముకకు కట్టినట్టు ఆ కాలికి కర్ర ఆసరా పెట్టడం, నడవనివ్వకుండా ఆసుపత్రికి చేర్చడం. విరుగుడు మందు ఉండేది అక్కడే. ఆ మందు తయారీకి కావాల్సిన విషాన్ని సేకరించే ఇరులర్ల సహకార సంఘం, మనం పుదుచ్చేరి నుంచి చెన్నైకి వెళ్లే తూర్పు తీర రహదారి పక్కనే, వడనెమ్మేలిలో ఉంది. 1978లో మొదలైంది. ఎన్నిసార్లు ఆ దారిన బస్సులో పోయామో, ఎవరూ మాకు ఆ సంగతి చెప్పలేదు.

ఇక పై అంతస్తు అక్క పాఠ్యప్రణాళిక చూసి మేము ఆశ్చర్యపోయాం. భారత నర్సింగ్ కౌన్సిల్ ఈమధ్య మార్చిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో మొదటి సెమిస్టర్‌లోనే కణం పొర గుండా పదార్థాలు ఎలా రాకపోకలు చేస్తాయో ఉంది, అదే సెమిస్టర్‌లో ప్రథమ చికిత్సా ఉంది. పొద్దున ఒక గదిలో కణం, మధ్యాహ్నం ఇంకో గదిలో కట్టు కట్టడం. "అందుకే ఆ రోజు నాకు కుళాయి గుర్తొచ్చింది, మీకు బొమ్మ గుర్తొచ్చింది," అంది అక్క నవ్వుతూ. ఆ మాట మాకు గట్టిగానే తగిలింది. మేము చదివిన పాఠమూ ఆమె చదివిన పాఠమూ ఒకటే. ఆమెను చేతులతో చేయించారు, మా చేత రాయించారు.

దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటల్లోనూ నిజం ఉంది కాబట్టి దాటవేయం.

మొదటి మాట: "సిలబస్ ఇప్పటికే ఎక్కువ, బోర్డు పరీక్షలు నెత్తి మీదున్నాయి." మేము కొత్త పాఠ్యపుస్తకం అడగడం లేదు. ఐరోపాలోని వైద్యులు మొదలుపెట్టిన, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మద్దతు ఇచ్చిన ఒక పిలుపు ఉంది. 12 ఏళ్లు దాటిన ప్రతి బడిపిల్లకూ ఏడాదికి రెండు గంటలు సీపీఆర్ నేర్పమంటుంది. ఏడాదికి రెండు గంటలంటే మూడు పీరియడ్లు. వర్షం పడి ఆటలు లేని రోజున పోయే పీరియడ్లు అంతకంటే ఎక్కువే.

రెండో మాట: "స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో నేర్పుతున్నాం కదా." నేర్పుతున్నారు, బాగానే నేర్పుతున్నారు. మా తరగతిలో కట్టు సరిగ్గా కట్టగలిగేవాళ్లు స్కౌట్లూ గైడ్లే. కానీ వాళ్లు కొద్దిమంది. ప్రమాదం జరిగే చోట ఆ కొద్దిమందిలో ఒకరు ఉంటారని నమ్మకం ఏమిటి? ఆ రోజు గోడకు ఆనుకున్న మా ముగ్గురిలో ఒక్కరూ ఆ యూనిట్‌లో లేరు.

మూడో మాట పెద్దది. "పిల్లలు సగం తెలిసిన వైద్యం చేస్తే ప్రమాదం. మందు వికటించినట్టు అవుతుంది." ఈ భయం మాకూ ఉంది. అందుకే మేము వైద్యం నేర్పమనడం లేదు. ప్రథమ చికిత్సలో సగం, చేయకూడనివి తెలియడమే. కాలిన చోట పేస్టు రాయకూడదు. పాము కరిచిన చోట కోయకూడదు. మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో తాళాలు పెట్టకూడదు, పళ్ల మధ్య చెంచా దూర్చకూడదు. తలకు దెబ్బ తగలకుండా చూసి, కదలికలు ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గాయం నుంచి రక్తం కారుతుంటే పసుపో కాఫీ పొడో అద్దకూడదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. రక్తఫలకికలు తమ పని తాము చేసుకునేంతవరకు గుడ్డ ఎత్తి చూడకూడదు. కరెంటు షాకు తగిలినవాళ్లను ముందు ముట్టుకోకూడదు, మెయిన్ ఆపాలి. అసలు ఏమీ తెలియకపోవడంతో పోల్చుకుంటే ఇందులో ప్రమాదం ఎక్కడుంది? తెలియకపోతే చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి రాస్తాయి. భోగి నాడు మేము చూసింది అదే. రోడ్డు మీద సాయం చేస్తే పోలీసు గొడవలని పెద్దవాళ్లు వెనకాడతారు. దానికీ సమాధానం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడిన మనిషి మీద కేసు ఉండదు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఈ పత్రిక చదివే మనలో ఎక్కువమంది బదిలీ ఉద్యోగుల పిల్లలం. మూడేళ్లకో నాలుగేళ్లకో సామాన్లు అట్టపెట్టెల్లోకి ఎక్కుతాయి. సొంత ఊళ్లో అయితే పక్క వీధిలో తెలిసిన డాక్టరు ఉంటారు, అర్ధరాత్రి తలుపు తడితే బాబాయి బండి తీస్తారు. మనకు అవి ఉండవు. మా ముగ్గురిలో ఒకరు పుదుచ్చేరికి వచ్చిన మొదటి వారంలోనే వాళ్ల నాయనమ్మ స్నానాల గదిలో జారి పడ్డారు. ఫోను చేశారు. అవతలి మనిషి తమిళంలో "ఎందుకు, ఎక్కడ" అని అడుగుతున్నారు. ఇంట్లో ఎవరికీ తమిళం రాదు. కంగారులో ఇంగ్లీషూ రాలేదు. క్వార్టర్స్ నంబరు తెలుసు గానీ ఏ రోడ్డో తెలియదు. కింద వాచ్‌మన్ అన్న వచ్చి ఫోను అందుకునేదాకా ఆ కొద్ది నిమిషాలు ఒక యుగంలా గడిచాయట. ఆమెకు పెద్ద దెబ్బ కాలేదు కాబట్టి ఇప్పుడు ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

అందుకే కొత్త ఊళ్లో దిగిన మొదటి ఆదివారం, పుస్తకాల పెట్టె విప్పక ముందే ఒక కార్డు రాసుకుని తలుపు వెనక అంటించాలని మేము ముగ్గురం నియమం పెట్టుకున్నాం. దాని మీద అత్యవసర నంబర్లు, ఇంటి చిరునామా, దగ్గర్లో కనిపించే గుర్తు, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి, ఇంట్లోవాళ్ల రక్తం గ్రూపు, ఎవరికి ఏ మందు పడదో రాయాలి. కింద ఆ ఊరి భాషలో నాలుగు మాటలు మన లిపిలో రాసుకోవాలి. మా కార్డు మీద "ఆంబులెన్స్ కూప్పిడుంగ" అని ఉంది, అంబులెన్సును పిలవండి అని. "మూచ్చు ఇల్లై" అని ఉంది, ఊపిరి ఆడడం లేదని. "పాంబు కడిచ్చిడుచ్చు", పాము కరిచిందని. రేపు అస్సాం వెళ్తే ఆ నాలుగు మాటలూ అస్సామీలో రాసుకుంటాం. కార్డు మారుతుంది. చేతులు నేర్చుకున్నది మాత్రం మారదు. మన బదిలీలో పెట్టెలోకి ఎక్కించక్కర్లేని సామాను అదొక్కటే.

ప్రథమ చికిత్స మాటలు మాతృభాషలోనూ నేర్పాలని మేము కోరేది కూడా ఇందుకే. పరీక్షలో ఇంగ్లీషులో రాస్తాం, కాదనం. భయం వేసినప్పుడు నోట్లోంచి "అమ్మో" అనే వస్తుంది. ఆ క్షణంలో గుర్తుకు రావాల్సిన మాట కూడా ఆ భాషలోనే ఉంటే త్వరగా వస్తుంది. పైగా మన ఇంట్లో నాయనమ్మకూ పనికి వచ్చే ఆంటీకీ మనం చెప్పాల్సింది ఆ భాషలోనే.

ఇదంతా నేర్చుకోవడానికి పుదుచ్చేరి కంటే మంచి ఊరు దొరకదు. ఈ ఊళ్లో ఫ్రెంచివాళ్లు 1823లోనే వైద్య పాఠశాల పెట్టారు. ఆ వంశంలోనిదే మన జిప్‌మర్. 1964లో ఆ పేరు వచ్చింది, 2008లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. గోరిమేడు రోడ్డు మీద యానాం నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కనిపిస్తే మాకు సొంతవాళ్లను చూసినట్టు ఉంటుంది. ఏనుగుకాలు వ్యాధి మీద పనిచేసిన దోమల నియంత్రణ పరిశోధనా కేంద్రం 1975 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. ఆ వ్యాధికి ఇప్పటికీ వాడే డీఈసీ మందు, 1940ల్లో అమెరికాలో సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగం నుంచి వచ్చిందే. ఊరి నిండా నర్సింగ్ చదివే అక్కలూ అన్నలూ ఉన్నారు. ఏడాదికి ఒక్క శనివారం వాళ్లను మన బడికి పిలిస్తే, మనం నేర్చుకుంటాం, వాళ్లకు చెప్పడం అలవాటవుతుంది. బొమ్మ మనిషి లేకపోతే గట్టి దిండు చాలు. కట్టుకు మన యూనిఫాం దుపట్టా, స్కౌట్ల స్కార్ఫు చాలు. సెప్టెంబరు రెండో శనివారం ప్రపంచ ప్రథమ చికిత్స దినం. ఆ రోజు ఉపన్యాసం, పోస్టర్ పోటీ పెట్టే బదులు ప్రతి విద్యార్థి చేతా ఒకసారి నొక్కించి, ఒకసారి కట్టించి పంపితే ఎంత బాగుంటుంది!

మన ఊరి సముద్రం గురించి కూడా ఒక మాట. దిగవద్దని బోర్డులున్న చోటే సెలవు రోజుల్లో దిగుతారు. మునిగిపోతున్నవాళ్లను చూసి ఈత రాని స్నేహితుడు దూకడం, ఇద్దరూ పోవడం వార్తల్లో చదువుతూనే ఉంటాం. దూకకూడదు. తాడో, దుపట్టానో, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బానో విసరాలి, కేకలు వేసి జాలర్లను పిలవాలి. ఒడ్డుకు తెచ్చాక ఊపిరి లేకపోతే, నేర్చుకున్నవాళ్లు ఛాతీ నొక్కడంతో పాటు నోటితో ఊపిరి కూడా ఊదాలి. ఎందుకంటే అక్కడ కణాలకు కరువైంది ముందు ఆక్సిజనే. చూశారా, మళ్లీ కణం దగ్గరికే వచ్చాం.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మొదలుపెట్టినట్టు అని మన పెద్దలు అంటారు. భోగి నాడు మాకు ఆ సామెత అర్థం తెలిసింది. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి మాలో ఒకరు ఇంకో రాష్ట్రంలో, ఇంకో బడిలో ఉంటారు. నాన్నగారికి ఉత్తర్వులు వచ్చేశాయి. వెళ్లే ముందు ముగ్గురం ఆ రెండో తరగతి పిల్లవాడిని కూర్చోబెట్టి అడిగాం, "చెయ్యి కాలితే ఏం చేస్తావురా?" అని. వాడు వెంటనే లేచి, వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, చెయ్యి కింద పెట్టి చూపించాడు. "ఎంతసేపు?" అంటే, "పెద్ద ముల్లు నాలుగు అంకెలు దాటేదాకా" అన్నాడు. గడియారంలో నాలుగు అంకెలంటే 20 నిమిషాలు. వాడికి కణమంటే ఏమిటో ఇంకా తెలియదు. తొమ్మిదో తరగతికి వచ్చాక ఆ పాఠం చదువుతాడు. అప్పుడు వాడికి బొమ్మతో పాటు కుళాయి కూడా గుర్తొస్తుంది. మనకూ అలాగే గుర్తుండేలా నేర్పమని మా గురువులను అడుగుతున్నాం. నేర్చుకుందాం రమ్మని మిమ్మల్ని పిలుస్తున్నాం.